కాగితాల మీద ఉప్పు, కంచంలో చప్పిడి

నారాయణా, ముందుగా నీకు నమస్కారం. పలికేవాళ్ళ నాలుక మీద ఉండేవాడివి నువ్వు. పలకలేనివాళ్ళ గొంతులో ఉండేవాడివీ నువ్వే. నీ పేరు నాకు గుర్తు లేని మూడు రోజులూ నా పేరు నువ్వు మరిచిపోలేదు. ఈ నాలుగు ముక్కలు రాసుకోవడానికి వేళ్ళకు మళ్ళీ పట్టు ఇచ్చావు. నా భయం మాత్రం ఇంకా పూర్తిగా తీరలేదు, ఆ సంగతి నీకు తెలుసు. ఆ భయాన్ని కూడా నీ ముందే పెట్టి మొదలుపెడుతున్నాను.

నా పేరు రాజ్యలక్ష్మి. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. బాలికల హైస్కూల్లో క్రాఫ్టు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా వారు ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసేవారు. మా నాన్నగారు పామర్రులో పురాణం చెప్పేవారు. ఆయన పక్కన కూర్చుని విని విని, బళ్ళో వేయకముందే స్వామి వెయ్యి నామాలూ నాకు నోటికి వచ్చేశాయి. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక మా వీధి ఆడవాళ్ళం పారాయణ మండలి పెట్టుకున్నాం. ప్రతి శనివారం సాయంత్రం కామేశ్వరమ్మ గారింట్లో కూర్చుంటాం. ఆవిడ నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మా అందరికీ గురువు లాంటిది. ఎవరైనా ఒక నామం మింగేస్తే పుస్తకం చూడకుండానే పట్టుకుంటుంది.

నాకు జరిగినది ఇంకొకరికి జరగకూడదని కొంత, రాస్తే గుండె దడ తగ్గుతుందేమోనని కొంత, ఇది రాస్తున్నాను.

శ్రావణం

మా అమ్మాయి శిరీష కంకిపాడులో ఉంటుంది. ఒక్కతే కూతురు. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ అయిదో నెలలోనే పోయాయి. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక అది నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోసారి నిలిచినప్పుడు ఇంట్లో ఎవరమూ పైకి సంతోషించలేదు. పిల్ల అనే మాటే ఎత్తేవాళ్ళం కాదు.

శ్రావణంలో దానికి అయిదో నెల వచ్చింది. మొదటి శనివారం దేవుడి గదిలో దీపం పెట్టి మొక్కుకున్నాను. "స్వామీ, దీనికి క్షేమంగా కాన్పు అయ్యేదాకా ఉప్పు ముట్టను" అన్నాను. మా వైపు చప్పిడి తినడం కొత్తేమీ కాదు. ఆదివారాలు సూర్యుడి కోసం ఉప్పు మానేసినవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. కాని వాళ్ళు మానేది వారానికి ఒక్కరోజు. నేను మొక్కుకున్నది నెలల తరబడి. పైగా మొక్కు బయటికి చెబితే ఫలం పోతుందని మా అమ్మమ్మ అనేది. అందుకే ఎవరికీ చెప్పలేదు. మా వారికి చెప్పలేదు, శిరీషకు అసలే చెప్పలేదు.

దాచడం ఏమంత కష్టం కాలేదు. మా వారికి వడ్డించి, ఆయన తిని లేచాక నేను తినడం ఎప్పటి నుంచో అలవాటు. ఆయనకు ఉప్పు వేసిన పప్పు, నాకు వేయకముందే తీసి పెట్టుకున్న పప్పు. పచ్చడి లేదు, ఊరగాయ లేదు. శనివారం పారాయణలో మాత్రం కొంచెం చిక్కు. ఆఖర్న కామేశ్వరమ్మ గారు అందరికీ పులిహోర ప్రసాదం పెడుతుంది. అందులో ఉప్పు ఉంటుంది. కాదంటే దేవుడిని కాదన్నట్టు. తింటే మొక్కు పోతుంది. నేనేం చేశానంటే, ప్రసాదం రెండు కళ్ళకూ అద్దుకుని, ఆకులో చుట్టి, చీర కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చి మా పనమ్మాయికి ఇచ్చేదాన్ని. ఎవరూ అడగలేదు.

నన్ను ఇంకా బాగా దాచింది నా కాగితాల పని.

ఈసారి అయిదో నెల దాటితే ఏడో నెలలో సీమంతం చేయాలని మనసులో పెట్టుకున్నాను. వచ్చిన ముత్తయిదువలకు తాంబూలం పెట్టి ఇచ్చే సంచులు నా చేత్తో చేయాలనుకున్నాను. బళ్ళో పిల్లలకు ఏటా నేర్పే పనే. మందపాటి కాగితాన్ని అట్టకు నాలుగు వైపులా అతికించి, నీళ్ళరంగు పలచగా, ధారాళంగా పూయాలి. తడి మీద కాగితం నిగనిగలాడుతుంది. ఆ నిగనిగ ఇంకాసేపట్లో పోతుందనగా ఉప్పు చల్లాలి. ఉప్పు రవ్వ ఒక్కొక్కటీ తన చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుంటూ రంగును పక్కకు జరుపుతుంది. రంగు మధ్యలో తెల్లటి పువ్వులు విచ్చుకుంటాయి. రాళ్ళ ఉప్పు వేస్తే పెద్ద పువ్వులు, మెత్తటి ఉప్పు వేస్తే మంచు రాలినట్టు చిన్న చుక్కలు. తొందరపడి ముందే చల్లితే ఉప్పు కరిగిపోయి మరకవుతుంది. ఆలస్యంగా చల్లితే ఏమీ జరగదు, ఉప్పు ఉప్పులాగే ఉంటుంది. పూర్తిగా ఆరాక చేత్తో రాల్చేసి, వెనక వైపు నుంచి ఇస్త్రీ చేస్తే ఏ బజార్లోనూ దొరకని కాగితం.

వానాకాలం మా ఊళ్ళో ఉప్పు దానంతట అదే చెమ్మగిల్లుతుంది. అందుకని మూకుట్లో వేయించి వాడేదాన్ని. రోజూ వంటింట్లో ఉప్పు వేగుతూనే ఉండేది. మా వారు వారం తిరక్కుండా కొట్టుకు వెళ్ళాల్సి వచ్చేది.

"ఏంటే రాజ్యం, మళ్ళీ ఉప్పా? మనం వండుకుంటున్నామా, చేపలు ఎండబెడుతున్నామా?"

"సంచులకండీ. రంగు మీద చల్లాలి."

"నీ కాగితాలకు బీపీ వస్తుంది చూడు" అని నవ్వి, సంచి తీసుకుని బయలుదేరేవారు.

నాకు బీపీ ఉంది. పదేళ్ళుగా మాత్ర వేసుకుంటున్నాను. ఒంట్లో నీరు తీసేసే మందు కూడా కలిసిన మాత్ర అది. ఆ సంగతి తరువాత తెలిసింది. అప్పుడు నాకు అది ఒక తెల్ల మాత్ర, అంతే.

భాద్రపదం

శిరీషకు అయిదో నెల దాటింది. మొక్కు ఫలిస్తోందనుకున్నాను.

నాకు మాత్రం పొద్దున్నే వికారం మొదలైంది. తల బరువు. పిక్కలు పట్టేసేవి. నడుస్తుంటే నేల ఒక పక్కకు జారుతున్నట్టు ఉండేది. వయసనుకున్నాను. ఒకరోజు కాగితం మీద నీలం రంగు పూసి, ఉప్పు గిన్నె చేతిలోకి తీసుకుని, నిగనిగ ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చూస్తే కాగితం పూర్తిగా ఆరిపోయి ఉంది, గిన్నె నా చేతిలోనే ఉంది. బళ్ళో ముప్పై ఏళ్ళు ఈ పని నేర్పినదాన్ని. అదను తప్పడం నాకు ఎన్నడూ లేదు. ఎవరితోనూ అనలేదు. ఆ కాగితం మడిచి చెత్తబుట్టలో అడుగున పెట్టాను.

మర్నాడు ఇంకోటి పాడైంది. ఆ మర్నాడు ఒకే కాగితం మీద రెండుసార్లు ఉప్పు చల్లాను. మొదటిసారి చల్లినట్టు గుర్తే లేదు.

మా అత్తగారికి చివర్లో మతి పోయింది. కన్నకొడుకునే "మీరెవరండీ" అని అడిగేది. నాకూ అదే వచ్చిందనుకున్నాను. శిరీషకు బిడ్డ పుట్టే సమయానికి ఆ బిడ్డ ఎవరో నాకు తెలియకుండా పోతుందా?

మా వారు బలవంతం చేస్తే వీధి చివర ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన బీపీ చూసి అడిగారు.

"ఉప్పు తగ్గించారా అమ్మా?"

అబద్ధం చెప్పకూడదు, మొక్కు బయటపెట్టకూడదు. "తగ్గించానండీ" అన్నాను.

"మంచి పని చేశారు. అలాగే కొనసాగించండి. నీళ్ళు బాగా తాగండి, ఈ ఉక్కకు నీరసం వస్తుంది" అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. నేను సగం చెప్పాను, ఆయన సగానికి వైద్యం చెప్పారు. నేను మాత్రం ఆ మాటను స్వామి అనుజ్ఞలా తీసుకున్నాను. ఇంటికి వచ్చి బిందెలు బిందెలు తాగడం మొదలుపెట్టాను. పొద్దుటి నుంచీ తులసి తీర్థం, మధ్యలో నీళ్ళు, మళ్ళీ నీళ్ళు. తాగినకొద్దీ తల మరింత దిమ్ముగా ఉండేది.

భాద్రపదం ఆఖరి శనివారం పారాయణలో జరిగినది మాత్రం బాగా గుర్తుంది. అందరం కలిసి పలుకుతున్నాం. ఉన్నట్టుండి నా ముందు ఖాళీ. తరువాతి నామం లేదు. ఒక నామం దగ్గర ఆగి అదే మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే. ముందు నా పక్కావిడ ఆగింది, తరువాత ఒక్కొక్కరూ ఆగారు. చివరికి గదిలో నా గొంతు ఒక్కటే ఆ ఒక్క నామం పట్టుకుని తిరుగుతోంది. ఆపుదామంటే నోరు ఆగడం లేదు. కామేశ్వరమ్మ గారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేదాకా ఆగలేదు.

"ఏమ్మా రాజ్యం, ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉందండీ. నిద్ర లేదు."

ఆవిడ ప్రసాదం ఆకులో పెట్టి ఇచ్చింది. నేను కళ్ళకు అద్దుకుని కొంగులో కట్టుకున్నాను.

ఇంటికి వస్తూ ఏమనుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. నా మొక్కులో లోపం ఉంది, అందుకే స్వామి నా నాలుక మీద నుంచి తన పేరు తీసేసుకున్నాడు, అనుకున్నాను. ఇప్పుడు జారితే బిడ్డకు ఏమవుతుందో! ఆ రోజు నుంచి పప్పూ కూరా కూడా మానేశాను. ఇంత అన్నం, ఇన్ని పాలు, ఒక అరటిపండు, నీళ్ళు. రోగం దేని వల్ల వచ్చిందో దాన్నే మందుగా ఇంకా ఎక్కువ వేసుకున్నాను. భక్తి లేనివాళ్ళు ఈ తప్పు చేయరు. మావంటి వాళ్ళమే చేస్తాం.

ఆశ్వయుజం

ఈ భాగం నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. మిగతాది మా వారు, శిరీష చెప్పినది.

దసరా రోజులు. ఊరంతా మైకులు. మధ్యాహ్నం మా వారు నిద్ర లేచి వచ్చేసరికి నేను బల్ల ముందు కూర్చుని, కాగితం మీద గుప్పిళ్ళతో ఉప్పు పోస్తున్నానట. కాగితం కనబడటం లేదు. బల్ల మీద నుంచి ఒళ్ళోకి, ఒళ్ళోంచి నేల మీదికి ఉప్పు జారుతోందట.

"ఏం చేస్తున్నావే?" అన్నారట.

నేను ఆయన వైపు తిరిగి, "ఇది ఎవరింట్లో ఇవ్వాలండీ?" అని అడిగానట. ఆ "అండీ" కొత్తవాళ్ళతో అనే అండీలా ఉందట. "నలభై ఏళ్ళలో నేను అంత భయపడింది లేదు" అన్నారు ఆయన తరువాత. ఆ సంగతి చెబుతూ ముఖం అటు తిప్పుకున్నారు.

ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళారు. దారిలో ఫిట్సు వచ్చింది. రక్తం పరీక్ష చేసి, సోడియం బాగా పడిపోయిందన్నారు. సోడియం అంటే మనం తినే ఉప్పులో ఉండేదే. అక్కడ ఉన్న డాక్టరమ్మాయి, మా శిరీష ఈడుది, మా వారిని అడిగింది.

"ఆవిడ ఉప్పు మానేశారా అంకుల్?"

"మానడమా? మా ఇంట్లో వారానికో ప్యాకెట్టు అయిపోతోందమ్మా. కొట్టువాడు నన్ను చూసి నవ్వుతున్నాడు."

ఆ అమ్మాయి తికమకపడింది. ఉప్పు అంత తింటుంటే ఇంతలా పడిపోవడం ఏమిటి? ఇంకేదో పెద్ద జబ్బు ఉందేమో చూడాలన్నారు. తలకు స్కానింగు, ఊపిరితిత్తులకు స్కానింగు. మా వారు బయట ఇనుప కుర్చీలో కూర్చుని, పెద్ద జబ్బు అన్న మాట దగ్గరే ఆగిపోయారట. ఫోను చేతిలో పట్టుకుని, ఏడో నెల గర్భిణికి ఇది ఎలా చెప్పడమా అని సాయంత్రం దాకా ఆలోచించారట. పక్క కుర్చీలో పామర్రు నుంచి వచ్చిన ఒకాయన ఫ్లాస్కులో ఉన్న టీ మూతలో పోసి ఇచ్చి, "తాగండి మాష్టారూ, మా తమ్ముడూ లోపలే ఉన్నాడు" అన్నాడట. ఆయన పేరు కూడా మాకు తెలియదు. స్వామి ఆయన తమ్ముణ్ణి చల్లగా చూడాలి.

శిరీష మర్నాడు పొద్దున్నే వచ్చింది. అప్పటికి నాకు సెలైను మెల్లగా ఎక్కిస్తున్నారు. ఒక్కసారిగా పెంచితే మెదడుకు ప్రమాదమట. తాగే నీళ్ళు కూడా కొలిచి ఇస్తున్నారు, నీళ్ళు ఎక్కువైతే ఒంట్లో ఉన్న కాస్త ఉప్పూ పలచబడుతుందట. స్కానింగుల్లో ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఎందుకు ఇలా అయిందో ఎవరికీ అంతు పట్టలేదు. నర్సు నోట్లో ఇడ్లీ ముక్క పెడితే ఉమ్మేస్తున్నానట. పళ్ళు బిగించి తల అడ్డంగా ఊపుతున్నానట.

ఆ రోజు సాయంత్రం కామేశ్వరమ్మ గారు చూడటానికి వచ్చింది. అలవాటు కొద్దీ కొంచెం పులిహోర ఆకులో చుట్టి తెచ్చింది. నా అరచేతిలో రెండు మెతుకులు పెట్టింది. కట్టుకున్న మొగుణ్ణి గుర్తు పట్టని దాన్ని, ఆ మెతుకులు రెండు కళ్ళకూ అద్దుకుని గుప్పిట మూసి, ఆ గుప్పిటతో కొంగు కోసం వెతికానట.

కామేశ్వరమ్మ గారు మంచం మీద కూలబడింది.

"అయ్యో. శ్రావణం నుంచీ ఇదే చేస్తోంది. ఒక్క వారం కూడా నా ఎదుట తినలేదు. ఇంట్లో ఆయనకు పట్టుకెళ్తోందనుకున్నాను."

"నాకా? నాకు ఏనాడూ తేలేదండీ" అన్నారు మా వారు.

శిరీష ఒక్క నిమిషం ఆలోచించిందట. "నాన్నా, ఆ ఉప్పంతా కాగితాల మీదికి వెళ్ళింది. అమ్మ కంచంలోకి కాదు."

మూడో రోజు మధ్యాహ్నానికి నాకు తెలివి కుదురుకుంది. కిటికీ, సెలైను సీసా, శిరీష పొట్ట, అన్నీ విడివిడిగా, స్పష్టంగా కనబడ్డాయి. అందరూ నా మంచం చుట్టూ ఉన్నారు. సంగతి వాళ్ళకు తెలిసిపోయిందని ముఖాలు చూడగానే తెలిసింది. మొక్కు బయటపడిపోయింది. డాక్టరమ్మాయి కంచం దగ్గరికి జరిపి, "ఆంటీ, ఇక నోటితో తినాలి. ఉప్పు వేసిందే తినాలి" అంది.

"తినను" అన్నాను.

"అమ్మా!" అంది శిరీష.

"నీకు తెలియదే. మధ్యలో వదిలితే..." మిగతాది అనలేకపోయాను.

శిరీష ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోప్పడింది. "రెండుసార్లు పోయినప్పుడు నా వల్లే పోయారనుకుని చచ్చాను. ఇప్పుడు నువ్వు పోతే, అది నా బిడ్డ వల్ల అంటావా? దాని పేరు చెప్పి నువ్వు పస్తుంటావా? పుట్టాక దానికి ఏమని చెప్పనమ్మా, మీ అమ్మమ్మను నువ్వే తిన్నావనా?"

మా వారు దాని భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. కామేశ్వరమ్మ గారు మిగిలింది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"బిడ్డకు ఏమైనా అయితే?" అని అడిగాను ఆవిడను. అదొక్కటే అడగడానికి నాకు ఓపిక ఉంది.

"ఏమీ కాదని చెప్పను. చెప్పడానికి నేను దేవుణ్ణి కాను" అంది ఆవిడ. "ఒకటి అడుగుతాను, చెప్పు. నీ నాలుక మీద ఇంత ఉప్పు చూసి, పొట్టలో ఉన్న పసిదాని పీక నొక్కేవాడినా నువ్వు ఇన్నేళ్ళూ వెయ్యి పేర్లతో పిలిచింది? అలాంటివాడయితే చెప్పు, శనివారం నుంచి మా ఇంటికి ఎవరూ రానక్కర్లేదు. చాపలు మడిచి అటక మీద పెట్టేస్తాను."

నేను కంచం వైపు చూశాను.

"మొక్కు తప్పిన దోషం ఉంటే నేను పడతాను. పెద్దదాన్ని, ఇంకెన్నాళ్ళుంటాను గనక. నోరు తెరు."

పులిహోర ముద్ద పెట్టింది. ఉప్పు నాలుకకు తగలగానే ఒళ్ళంతా గగుర్పొడిచింది. రుచి తెలిసి కాదు, భయంతో. నములుతూ శిరీష పొట్టను తలచుకున్నాను. మింగాను. ఆకాశం విరిగిపడలేదు. విరిగిపడలేదు గాని, ఇక ఆ రోజు నుంచి ఏ క్షణాన పడుతుందోనని చూస్తూనే ఉన్నాను.

కార్తీకం

సీమంతం చేయలేదు. నేను మంచం దిగడానికే రెండు వారాలు పట్టింది. నీటితో పాటు ఒంట్లో ఉప్పును కూడా బయటికి పంపేస్తుందని ఆ బీపీ మాత్ర మార్చారు. ఏది తినాలో, ఎన్ని నీళ్ళు తాగాలో కాగితం మీద రాసిచ్చారు. నామాలు మెల్లగా తిరిగి వచ్చాయి, ముందు పదులుగా, తరువాత వందలుగా. కొన్నిచోట్ల ఇప్పటికీ తడబడతాను.

కార్తీకం రెండో వారంలో ఒక పొద్దున ఫోను. శిరీష.

"అమ్మా, రాత్రి నుంచీ కదల్లేదు."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు విన్నాను. అయిపోయింది, అనుకున్నాను. నేను ఉప్పు తిన్నాను, అది కదలడం మానేసింది. ఇంకేం కావాలి రుజువు?

అల్లుడు దాన్ని కారులో కంకిపాడు నుంచి బయలుదేరదీశాడు. బెంజి సర్కిలు దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కున్నామని మళ్ళీ ఫోను. మేము ముందే కాన్పుల ఆసుపత్రికి చేరాం. వాళ్ళు రాగానే దాన్ని లోపలికి తీసుకుపోయారు. నన్ను చూసి అది నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. తలుపు మూసుకుంది.

వరండాలో బల్ల మీద కూర్చున్నాను. గోడ మీద నవ్వుతున్న పసిపిల్ల బొమ్మ ఉంది. అటు చూడలేకపోయాను. నామం పట్టుకుందామంటే నోట్లో ఒక్కటే మాట తిరుగుతోంది. "మళ్ళీ మానేస్తాను స్వామీ, ఈ క్షణం నుంచే మానేస్తాను." పెదవి దాకా వచ్చింది. అంటే చాలు, మళ్ళీ మొక్కు నిలబడుతుంది. దేవుడికీ నాకూ మధ్య లెక్క సరిపోతుంది. డాక్టరమ్మాయి, కామేశ్వరమ్మ గారు, అందరి మాటలూ ఆ తలుపు ముందు చిన్నవయిపోయాయి.

నా పక్కన మైలవరం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. కోడలి కోసం వచ్చింది. ఒళ్ళో వేరుశనక్కాయలు పెట్టుకుని వొలుస్తోంది, ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టినవి.

"మీ అమ్మాయా లోపల?" అంది.

తల ఊపాను.

"పొద్దుట్నించీ ఏమైనా తిన్నారా?"

"లేదండీ."

"నాకు తెలుసు, ముఖం పీక్కుపోయింది. మీరు కళ్ళు తిరిగి పడితే ఆ పిల్లను చూసుకోవాలా, మిమ్మల్ని మోసుకెళ్ళాలా మీ ఆయన? ఇదిగో, పట్టండి" అని గుప్పెడు కాయలు నా చేతిలో పోసింది.

తడిగా, వెచ్చగా ఉన్నాయి. వేలికి ఉప్పు తగిలింది. లోపలి నుంచి ఏ శబ్దమూ లేదు. అలవాటుగా ఆ గుప్పిట కళ్ళ దాకా వెళ్ళింది, అక్కడి నుంచి కొంగు వైపు దిగింది. కొంగులో ముడి వేయబోతూ ఆగి చూసుకున్నాను. నా చెయ్యి ఏం చేయబోతోందో అప్పుడు నాకే తెలిసింది.

"స్వామీ, నాకు చాలా భయంగా ఉంది" అన్నాను. మొక్కలేదు. ఏమీ ఇస్తాననలేదు, ఏమీ మానేస్తాననలేదు. జీవితంలో నేను చేసిన ప్రార్థనల్లో అంత చిన్నది లేదు. ఒక కాయ వొలిచి నోట్లో వేసుకున్నాను. రెండోది వొలిచాను. తింటూ ఏడ్చాను. మైలవరం ఆవిడ తను వొలిచినవి కూడా నా చేతిలో వేస్తూ కూర్చుంది.

వార్త రాకముందే తిన్నాను. ఇది మీకు చెప్పాలి. మంచి కబురు విన్నాక తినడంలో ఏముంది?

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. నర్సు, "కంకిపాడు శిరీష వాళ్ళెవరు, రండి" అంది. మా వారు చెయ్యి పట్టి లేపారు. లోపల పరదా వెనక గుర్రం పరిగెడుతున్నట్టు చప్పుడు. టకటకా టకటకా. ఏదో మెషిను అనుకున్నాను.

"అదే అమ్మా" అంది శిరీష, కళ్ళ నీళ్ళతో. "నిద్రపోయిందట మొద్దు. ఇంతమందిని పరిగెత్తించి."

నా ఉప్పు వల్ల బిడ్డ కదలడం ఆగలేదు. నా ఉప్పు వల్ల మళ్ళీ కదలనూ లేదు. ఆ చిన్న గుండె నా కంచం వైపు చూడకుండా తన పని తాను చేసుకుంటోంది. దాన్ని నడిపేవాడు వేరే ఉన్నాడు. ఆ పరదా దగ్గర నిలబడి మొదటిసారి అది నమ్మాను. నమ్మాను గాని, భయం పోలేదు. ఉమ్మనీరు కొంచెం తక్కువగా ఉంది, వారం వారం చూపించుకోవాలి అని డాక్టరు చెప్పారు.

మార్గశిరం

ఇప్పుడు దానికి తొమ్మిదో నెల. మా ఇంట్లోనే ఉంది. నేను ఇది రాస్తుంటే పక్క గదిలో వాళ్ళ నాన్నతో ఫ్యాను గురించి పోట్లాడుతోంది. ఆయనకు చలి, దానికి ఉక్క. గంటకోసారి నేను వెళ్ళి తలుపు దగ్గర నిలబడతాను. "కదులుతోందమ్మా, వెళ్ళు" అంటుంది నన్ను చూడకుండానే.

నాలాగ మందులు వాడుతూ, మొక్కుల మీద, ఉపవాసాల మీద తినడం మానేసేవాళ్ళు మన మండళ్ళలో చాలామంది ఉన్నారు. నాకు తెలుసు. మీరు ఏది మానేశారో డాక్టరుతో చెప్పండి, సగం కాదు, అంతా. నా సంగతి చదివి మీ అంతట మీరు ఉప్పు పెంచనూ వద్దు, మాత్ర ఆపనూ వద్దు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. దేవుడికి దాపరికం అక్కర్లేదని నేను ఆసుపత్రి మంచం మీద నేర్చుకున్నాను.

ఇక మిమ్మల్ని ఒకటి అడుగుతాను. కాన్పుకు ఇంకా ఉన్న ఈ మూడు వారాలూ మా శిరీష కోసం, పేరు ఇంకా పెట్టని ఆ బిడ్డ కోసం నాతో కలిసి ప్రార్థించండి. మొక్కులు మొక్కకండి. ఏదీ విడిచిపెడతామని అనకండి. ముందు కడుపునిండా భోజనం చేయండి. చెయ్యి కడుక్కుని, ఎక్కడ కూర్చున్నవాళ్ళు అక్కడే, మీకు ఇష్టమైన పేరుతో ఆయన్ని ఒక్కసారి పిలిచి, "వాళ్ళకు భయంగా ఉంది, చూసుకో" అని చెప్పండి. నేనూ ఇప్పుడే తిని లేచాను. అదే చెబుతున్నాను.